పాత లగ్జరీ కార్లు: ముందు తెచ్చిందెవరు, నిలబెట్టిందెవరు?

నేను స్టుట్‌గార్ట్‌లో ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. చదివింది కంప్యూటరు సైన్సే అయినా, ఈ ఊళ్ళో ఉంటూ కార్ల సంగతి పట్టించుకోకుండా ఉండడం కష్టం. ఇంజనీరింగులో జర్మన్ కార్లే ముందుంటాయని మనలో చాలామంది నమ్మకం. పాత అమెరికన్ లగ్జరీ సెడాన్లని వాటి పక్కన పెట్టి చూస్తే లెక్క అంత తేలిగ్గా తేలదు. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది ఏబీఎస్. గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం ఆగిపోయి టైరు రోడ్డు మీద జారుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా కారు మాట వినదు. ప్రతి చక్రం వేగాన్ని ఒక సెన్సరు కొలుస్తూ ఉంటే, ఏ చక్రం ఆగిపోబోతోందో కంప్యూటరు పసిగట్టి, దాని బ్రేకు ఒత్తిడిని క్షణకాలం తగ్గించి మళ్ళీ పెంచుతుంది. ఇలా సెకనుకి చాలాసార్లు జరుగుతుంది.

నాలుగు చక్రాలకీ పనిచేసే ఇలాంటి ఎలక్ట్రానిక్ ఏర్పాటుని క్రైస్లర్ కంపెనీ, బెండిక్స్‌తో కలిసి, 1971 మోడల్ ఇంపీరియల్ కార్లలో అమ్మింది. మెర్సిడెస్ కూడా 1970లోనే తన ఏబీఎస్‌ని ఇక్కడి ఉంటర్‌ట్యుర్క్‌హైమ్ టెస్టు ట్రాకు మీద ప్రదర్శించింది. కాని అమ్మకానికి పెట్టలేదు. అప్పటి కంట్రోలు యూనిట్‌లో దాదాపు 1000 అనలాగ్ భాగాలుండేవి. వేడికి, చలికి, కుదుపులకి వాటిలో ఏది ఎప్పుడు మొరాయిస్తుందో చెప్పలేం. బాష్ కంపెనీ డిజిటల్ చిప్పులు వాడి ఆ సంఖ్యని 140కి తగ్గించాక, 1978లో ఎస్-క్లాసులో ఏబీఎస్ వచ్చింది. క్రైస్లర్ ఏర్పాటు అప్పటికే మార్కెట్టులో లేదు.

రెండోది సిలిండర్లని ఆపే పద్ధతి. 1981లో కాడిలాక్ తెచ్చిన 6 లీటర్ల ఇంజను, భారం తక్కువగా ఉన్నప్పుడు ఎనిమిది సిలిండర్లలో రెంటినో నాలుగింటినో ఆపేసేది. పెట్రోలు ఆదా చేయాలన్న ఆలోచన బంగారం లాంటిది. చిక్కంతా ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడంలో ఉంది. ఎనిమిది సిలిండర్ల పని ఆరు చేయాలంటే ఇంజనుకి గాలి ఎక్కువ అందాలి. ఆ గాలిని నియంత్రించే థ్రాటిల్ డ్రైవరు కాలి కింద పెడలుకి కట్టి ఉంది, కంప్యూటరు చేతిలో లేదు. పైగా ఆనాటి కంప్యూటరు నెమ్మది. దాంతో కారు కుదుపులిచ్చేది. చాలామంది మెకానిక్కు దగ్గరికెళ్ళి ఒక వైరు పీకించుకుని ఎనిమిదితోనే నడుపుకున్నారు. మరుసటి ఏడు మామూలు సెడాన్ల నుంచి ఆ ఇంజను తప్పుకుంది. 1990ల చివర మెర్సిడెస్ ఇదే పద్ధతిని తెచ్చేనాటికి థ్రాటిల్ ఎలక్ట్రానిక్ అయింది. సిలిండర్లు ఆగిన సంగతి డ్రైవరుకి తెలియకుండానే కంప్యూటరు గాలిని సర్దేది.

అయితే ఇందులో దేశం గొప్పేమీ లేదు. 2002లో వచ్చిన ఈ-క్లాసులో మెర్సిడెస్ బ్రేకు పెడలుకి, చక్రాలకి మధ్య కంప్యూటరుని కూర్చోబెట్టింది. 2004, 2005లలో లక్షల కార్లని వెనక్కి పిలిచి సరిచేయాల్సి వచ్చింది. 2006లో ఈ-క్లాసు మళ్ళీ మామూలు హైడ్రాలిక్ బ్రేకులకే మారింది.

ఈ మూడు కథలూ మన ప్రాజెక్టులకీ వర్తిస్తాయి. కొత్త ఫీచరు విడుదల చేసే ముందు నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. అది ఆధారపడిన కింది పొర సిద్ధంగా ఉందా? అది చెడిపోతే వాడేవాడికి ఏం మిగులుతుంది? ఏబీఎస్ తనలో లోపం కనబడగానే దీపం వెలిగించి తప్పుకుంటుంది, మామూలు బ్రేకు మిగులుతుంది. కాడిలాక్ యజమానికి మిగిలింది వైరు పీకడమే. క్లయింటు తేదీ గురించి తొందర పెడుతున్నప్పుడు ఈ రెండో ప్రశ్న అడగడం ఎంత కష్టమో మీకూ తెలుసు. అయినా ఆ ప్రశ్న అడగాల్సింది అప్పుడే.