వలసల చదువుకు అప్పు చేసి వలసపోవాలా?

"లండన్‌లో మైగ్రేషన్ స్టడీస్ ఏడాది ఎంఏ చేస్తే ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగం వస్తుందట కదండీ?" ఈ మధ్య ఈ ప్రశ్న తరచుగా వింటున్నాను. అడిగేది తల్లిదండ్రులే. చదవాల్సిన అమ్మాయో అబ్బాయో పక్కనే ఉంటారు గానీ నోరు విప్పరు. ఇంజినీరింగ్ వద్దు, సోషల్ సైన్సెస్ చదువుతామని పిల్లలు పట్టుబడితే పెద్దలు పెట్టే షరతు ఇది. చదివితే చదువు, కానీ విదేశంలో చదువు, చెప్పుకోవడానికి పెద్ద పేరున్న ఉద్యోగం తెచ్చుకో అంటారు. ఆ షరతుకు తగిన యూనివర్సిటీ బ్రోచర్ ఏదో ఒక కన్సల్టెన్సీ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

నా సలహా సూటిగా చెబుతాను. వలసల మీద, వలస వచ్చినవాళ్ళూ శరణార్థులూ కొత్త చోట ఎలా నిలదొక్కుకుంటారన్న దాని మీద పరిశోధన చాలా మంచి రంగం. మన రెండు రాష్ట్రాలకు ఎంతో అవసరమైన రంగం కూడా. కానీ ముప్ఫై లక్షల అప్పుతో అందులో అడుగుపెట్టడం తప్పు. ముందు ఇక్కడ చదవండి, ఇక్కడి ఊళ్ళలో తిరగండి, అంకెలు చదవడం నేర్చుకోండి. తర్వాత జీతమిచ్చే పీహెచ్‌డీ దొరికితే విదేశానికి వెళ్ళండి.

ఈ పరిశోధన ఎలా ఉంటుందో చెప్పడానికి మన ఇళ్ళ కథే ఒకటుంది. శియాంగ్ బియావ్ అనే చైనా మానవశాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ కోసం ఎంచుకున్నది మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళను. హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ వాళ్ళ మధ్య తిరిగాడు. బాడీ షాపులు మనుషుల్ని ఎలా తీసుకెళ్తాయి, పని లేనప్పుడు బెంచ్ మీద ఎలా కూర్చోబెడతాయి, కోర్సు ఫీజులకూ వీసా ఖర్చులకూ కట్నం సొమ్ము ఎలా ముడిపడింది అన్నవన్నీ రాశాడు. 'గ్లోబల్ బాడీ షాపింగ్' పేరుతో ఆ పుస్తకం 2007లో వచ్చింది. ఇప్పుడాయన జర్మనీలోని హాలేలో మాక్స్ ప్లాంక్ సంస్థలో డైరెక్టర్. ప్రతి తెలుగు ఇంట్లో మాట్లాడుకునే విషయాన్ని పరిశోధనగా మార్చడానికి చైనా నుంచి ఒకాయన రావాల్సివచ్చిందంటే మన పిల్లల్ని ఎటు తోస్తున్నామో ఆలోచించాలి. బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రాజెక్టులోనూ అంతే. ఎన్నారైల డబ్బు సొంత ఊళ్ళను ఎలా మారుస్తోందో చూడటానికి వాళ్ళు ఎంచుకున్న చోట్లలో గుంటూరు ప్రాంతం ఒకటి.

కేరళను చూడండి. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి. జకరయ్య, ఎస్. ఇరుదయ రాజన్ 1998లో కేరళ మైగ్రేషన్ సర్వే మొదలుపెట్టారు. ఇంటింటికీ వెళ్ళి ఎవరు పోయారు, ఎవరు తిరిగొచ్చారు, ఎంత పంపుతున్నారు అని అడిగే ఆ సర్వే కొన్నేళ్ళకోసారి 2023 దాకా కొనసాగింది. గల్ఫ్‌లో ఏదైనా సంక్షోభం వస్తే కేరళ దగ్గర అంకెలుంటాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయ్, మస్కట్ బాట పట్టినవాళ్ళ గురించి, కడప నుంచి కువైట్‌కు ఇంటి పనికి వెళ్ళిన ఆడవాళ్ళ గురించి మన దగ్గర అన్నేళ్ళుగా సాగిన సర్వే లేదు. ఏజెంటుకు కట్టిన డబ్బు, ఎక్కడైనా పనిచేయొచ్చని ఆశపెట్టే ఆజాద్ వీసా మోసం, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కి చివరికి పత్రాల్లేని ఖల్లివెల్లిగా మారిన బతుకు, ఇవన్నీ పత్రికల్లో విడివిడి వార్తలుగా వచ్చి పోతున్నాయి.

గల్ఫ్ ఒక్కటే అనుకోవద్దు. పాలమూరులో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశమంతా ప్రాజెక్టులు కట్టడానికి వెళ్ళిన కుటుంబాలున్నాయి. శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పరాయివాళ్ళ బోట్లలో చేపలు పట్టే మత్స్యకారులున్నారు. మన దగ్గరికి వచ్చేవాళ్ళు అంతకంటే తక్కువేమీ కాదు. బొలంగీర్, నువాపడా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కుటుంబాల పిల్లలు ఏ భాషలో చదవాలి? 2005 తర్వాత సల్వాజుడుం హింస భరించలేక ఛత్తీస్‌గఢ్ వదిలి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లోకి వచ్చిన గుత్తికోయలకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ లేకపోతే పోడు భూమి హక్కు ఎలా వస్తుంది? 1951 శరణార్థుల ఒప్పందంపై భారత్ సంతకం చేయలేదు. అలాంటప్పుడు హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యాల స్థితి చట్టం దృష్టిలో ఏమిటి? ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో రేషన్ తీసుకునే పోర్టబిలిటీని 2019 ఆగస్టులో దేశంలో తొలిసారి ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రాష్ట్రాల జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. మరి ఇటుక బట్టీలో ఉన్న మనిషికి ఆ బియ్యం అందుతున్నాయా? వీటిలో ఏ ఒక్క ప్రశ్న పట్టుకున్నా ఒక పీహెచ్‌డీకి సరిపోతుంది.

ఇక ఐక్యరాజ్యసమితి మాట. శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ నిధుల కోతతో దాదాపు 3,500 ఉద్యోగాలు తగ్గించాల్సివస్తోందని 2025 జూన్‌లో స్వయంగా ప్రకటించింది. అమెరికా సాయం తగ్గాక ఈ రంగంలోని స్వచ్ఛంద సంస్థలు కూడా మనుషుల్ని తీసేశాయి. అనుభవమున్న ఆ వేలమందీ ఇప్పుడు అవే ఖాళీల కోసం వెతుకుతున్నారు. ఏడాది ఎంఏ చేసిన 23 ఏళ్ళ మన అమ్మాయి వాళ్ళతో పోటీపడాలి. జూనియర్ ప్రొఫెషనల్ ఆఫీసర్ పోస్టులకు జీతాలిచ్చేది దాత దేశాలు. అందుకే అవి చాలావరకు ఆ దేశాల పౌరులకే దక్కుతాయి. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఉండదు. న్యూయార్క్‌లోనో జెనీవాలోనో నెలల తరబడి సొంత ఖర్చుతో ఉండాలి. ఇదంతా తెలిసి కూడా 'యూఎన్ కెరీర్' అని బ్రోచర్ మీద అచ్చువేసేవాళ్ళను నమ్మకండి.

బ్రిటన్‌లో ఏడాది ఎంఏకు ఫీజు, బస, వీసా కలిపితే 30 లక్షలకు తగ్గడం అరుదు. ఆక్స్‌ఫర్డ్‌లో శరణార్థుల అధ్యయన కేంద్రం నడిపే మాస్టర్స్ గొప్ప కోర్సే, కాదనను. 1982లో బార్బరా హారెల్-బాండ్ స్థాపించిన ఆ కేంద్రమే ఈ విషయానికి విశ్వవిద్యాలయంలో ఒక గది సంపాదించిపెట్టింది. కానీ ఆ కోర్సు 9 నెలలు, ఖర్చు ఇంకా ఎక్కువ. పూర్తి స్కాలర్‌షిప్ వస్తే కళ్ళకద్దుకుని వెళ్ళండి. రాకపోతే ఇల్లు తాకట్టు పెట్టి వెళ్ళొద్దు. ఈ రంగంలో మొదటి ఉద్యోగం జీతంతో ఆ వాయిదాలు తీరవు. అప్పు భారం మీదపడ్డ పిల్ల ఏడాదిలోపే పరిశోధన వదిలేసి ఏదో ఒక ఆఫీసులో కుదురుకుంటుంది. చదువు పోతుంది, డబ్బూ పోతుంది. కన్సల్టెన్సీ మాత్రం మన దగ్గర ఫీజు తీసుకోకపోయినా అవతలి విశ్వవిద్యాలయం నుంచి కమీషన్ తీసుకునే ఉంటుంది. "మీకు ఎవరు డబ్బిస్తున్నారు?" అని వాళ్ళను ముఖం మీదే అడగండి.

ప్రభుత్వ సాయం మీద ఆశ పెట్టుకున్న ఎస్సీ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో 2022లో ఒక షరతు చేరింది. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజంపై అధ్యయనాలకు ఆ స్కాలర్‌షిప్ వర్తించదన్నారు. పాలమూరు వలసల మీద విదేశంలో పరిశోధన చేయాలనుకునే దళిత విద్యార్థికి ఈ షరతు నేరుగా తగులుతుంది. ఇది అన్యాయమైన నిబంధన అని నా గట్టి అభిప్రాయం. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది మార్గదర్శకాలు పూర్తిగా చదవండి.

ఇక్కడి దారి చౌక, గట్టి దారి. అర్హత మామూలే: ఏ డిగ్రీ అయినా చాలాచోట్ల ఎంఏకు సరిపోతుంది, టిస్, హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటివాటికి సీయూఈటీ-పీజీ, పీహెచ్‌డీకి నెట్ లేదా ఆయా సంస్థల పరీక్ష. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం 1996 నుంచి ఉంది. జనాభా లెక్కల మీద ఆసక్తి ఉంటే ముంబయిలోని ఐఐపీఎస్‌ను మించిన చోటు దేశంలో లేదు. బలవంతపు వలసలు, శరణార్థుల చట్టం అయితే కలకత్తా రీసెర్చ్ గ్రూప్ పని చూడండి. నా మొగ్గు ఐఐపీఎస్ వైపు, ముందు చెప్పిన తిరువనంతపురం కేంద్రం (సీడీఎస్) వైపు. కారణం గణాంకాలు. వలస కార్మికుల మీద జాలి మన పిల్లల్లో చాలామందికి ఉంది, మైక్రోడేటా ఫైలు తెరిచి చదవగలిగేవాళ్ళు కొద్దిమందే. ఆర్ట్స్ చదివితే లెక్కల బాధ తప్పుతుందని ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు మొదటి ఏడాదే చిక్కుల్లో పడతారు. 2011 జనగణన దేశంలో 45 కోట్లకు పైగా వలసదారులున్నారని చెప్పింది. వాళ్ళ వలసకు అతి పెద్ద కారణం పెళ్ళి. కోతలయ్యాక వెళ్ళి తొలకరికి తిరిగొచ్చే కూలీ ఆ లెక్కలో సరిగా కనిపించడు. ఈ తేడా పట్టుకోవడమే పరిశోధన. ఉపాధి లెక్కలు తీసే పీఎల్‌ఎఫ్ఎస్ వంటి సర్వేల మూల డేటా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఇంట్లో కూర్చుని మొదలుపెట్టొచ్చు. 2027 జనగణన పట్టికలు బయటికొచ్చాక వాటిని చదివి చెప్పగల మనుషులు ప్రతి రాష్ట్ర ప్రభుత్వానికీ కావాలి. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్ళకు అది సరిగ్గా అందొచ్చే సమయం.

నెట్‌లో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె అదనం. దాంతో ఇంటి మీద భారం లేకుండా పీహెచ్‌డీ సాగుతుంది. నెట్ కోచింగ్‌కు మాత్రం డబ్బు తగలేయకండి. సిలబస్, పాత ప్రశ్నపత్రాలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయం, ఇద్దరు మంచి స్నేహితులు ఉంటే చాలు.

విదేశానికి వెళ్ళే సరైన సమయం పీహెచ్‌డీ అని నా నమ్మకం. అందులోనూ జర్మనీ వైపు చూడమంటాను. అక్కడ చాలా పీహెచ్‌డీలు ఉద్యోగాలే. ప్రకటన ఇస్తారు, ఎంపికైతే ఒప్పందం, జీతం, ఆరోగ్య బీమా ఉంటాయి. 2015లో దాదాపు 9 లక్షల మంది శరణు కోరి వచ్చాక ఆ దేశం ఈ పరిశోధన మీద బాగా ఖర్చుపెట్టింది. 600 గంటల భాషా శిక్షణ, 100 గంటల పౌరజీవన పాఠాలతో ఇంటిగ్రేషన్ కోర్సులు నడుపుతున్నారు. వచ్చినవాళ్ళు ఎలా నిలదొక్కుకుంటున్నారో తెలుసుకోవడానికి 2016 నుంచి అవే కుటుంబాలను మళ్ళీ మళ్ళీ కలిసి సర్వే చేస్తున్నారు. అందుకే కచ్చితంగా చెప్పగలుగుతున్నారు: 2015లో వచ్చినవాళ్ళలో 2024 నాటికి 64 శాతం మందికి ఉపాధి ఉంది. మగవాళ్ళలో 76 శాతం, ఆడవాళ్ళలో 35 శాతమే. ఆ తేడా ఎందుకో వెతకడానికే ఎంతోమంది పరిశోధకులకు పని దొరికింది. ఓస్నాబ్రూక్‌లోని ఇమిస్, బెర్లిన్‌లోని డెజిమ్ ప్రకటనలు చూస్తూ ఉండండి. అక్కడికి మనం పట్టుకెళ్ళాల్సింది గణాంకాల నైపుణ్యం, సొంతంగా చేసిన క్షేత్ర పరిశోధన, కొంచెం జర్మన్. మాస్టర్స్‌కే యూరప్ వెళ్ళాలనుంటే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించండి. నెలకు 1,400 యూరోలిస్తారు.

మరో ఉచ్చు ఈ మధ్య ఇంటర్ పిల్లల దాకా పాకింది. విదేశీ సీటు కోసమని 'రీసెర్చ్ పేపర్ ప్యాకేజీ' అమ్ముతున్నారు. డబ్బు కడితే ఎవరో రాస్తారు, ఎక్కడో అచ్చవుతుంది, పైన పిల్లవాడి పేరుంటుంది. పదిహేడేళ్ళ పిల్లలకు మొదటి పాఠంగా అబద్ధం నేర్పుతున్నారు. తల్లిదండ్రులారా, దయచేసి ఈ పని చేయకండి. ఊళ్ళో పది ఇళ్ళకు వెళ్ళి ఎవరెవరు ఎక్కడికి వెళ్ళారో, ఎందుకు వెళ్ళారో సొంతంగా నాలుగు పేజీలు రాసిన పిల్లవాడి దరఖాస్తు దీనికంటే ఎంతో బలమైనది.

జీతాల గురించి దాచను. పరిశోధన సహాయకుడిగా మొదట్లో నెలకు 30 వేల చుట్టూ ఉంటుంది, ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగం అయిపోతుంది. ఉదయపూర్‌లోని ఆజీవికా బ్యూరో వంటి కార్మిక సంస్థలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ సలహా విభాగాలు, పత్రికలు ఈ చదువుకు చోటిస్తాయి. స్థిరపడటానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అక్కబావల సాఫ్ట్‌వేర్ జీతంతో ప్రతి పండక్కీ పోల్చే ఇంట్లో ఆ ఏడెనిమిదేళ్ళు గడవడం నరకం. అంత ఓపిక లేకపోతే ముందే చెప్పండి, పిల్లలు వేరే దారి చూసుకుంటారు. ఒప్పుకున్నాక మాత్రం పోల్చకండి.

ఆడపిల్లల తల్లిదండ్రులు చివర్లో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. ఇటుక బట్టీలకూ లేబర్ అడ్డాలకూ అమ్మాయిని ఎలా పంపాలని. ఆ భయం న్యాయమైనదే, దానికి జవాబు ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం కాదు. గైడ్‌ను కలిసి అడగండి: ఇద్దరిద్దరుగా వెళ్తారా, బస ఎక్కడ, స్థానికంగా తోడుండే సంస్థ ఏది, రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, ఇబ్బంది వస్తే మధ్యలో ఆపేసే స్వేచ్ఛ ఉందా, లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీలో ఎవరున్నారు. ఇవన్నీ ముందే రాసిపెట్టుకున్న గైడ్ దగ్గరైతే పంపండి. జవాబు చెప్పలేకపోతే గైడ్‌ను మార్చమనండి, విషయాన్ని మార్చమనకండి.