సిద్ధాంతాలు కలగాపులగం అవుతున్నాయా?

ప్రశ్న: డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. సమాజశాస్త్రంలో డర్క్‌హైమ్, మార్క్స్, వెబర్ చెప్పినవి ఎంత బట్టీ పట్టినా పరీక్షలో కలిసిపోతున్నాయి. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని, నరసరావుపేట

జవాబు: లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదు. మనుషులను చూడకుండా నిర్వచనాలు వల్లె వేయడంతో వచ్చిన చిక్కిది. మీకు తెలిసిన సంగతే తీసుకోండి. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి కదా! పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టాడని చెప్పుకునే చాపకూడు కథా మీరు విన్నదే.

ఈ ఉత్సవాన్ని చూస్తే ఒక్కో సమాజశాస్త్రవేత్త ఒక్కో ప్రశ్న వేస్తారు. మీరు అడిగిన ముగ్గురికి మన దేశపు సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్‌నూ కలుపుదాం.

డర్క్‌హైమ్: ఈ వేడుక జనాన్ని ఎలా కలుపుతోంది?
మార్క్స్: భూమి, సంపద ఎవరి చేతిలో ఉన్నాయి?
వెబర్: వచ్చినవాళ్లు దీనికి ఏ అర్థం ఇచ్చుకుంటున్నారు?
ఎం.ఎన్. శ్రీనివాస్: ఊళ్లో పెత్తనం ఏ కులానిది?

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి. వారానికో సంగతి, అంటే మిరపకోతలు, పెళ్లి, పంచాయతీ ఎన్నిక వంటిది తీసుకుని ఈ ప్రశ్నలకు సొంత మాటల్లో జవాబు రాయండి. పుస్తకంలోని నిర్వచనం ఆ తర్వాతే చదవండి.

నెల రోజులైనా తికమక తీరకపోతే ఆ నోటుబుక్కుతో మీ అధ్యాపకులను కలవండి. చదువు దిగులుతో నిద్ర, తిండి తప్పుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఇంట్లో చెప్పండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి.