కునిమాసు: పోయిందనుకుంటే దొరికిన చేప

ఒక జాతిలో చివరి జీవి కూడా చనిపోయిందనడంలో సహేతుకమైన సందేహం లేనప్పుడే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దాన్ని 'అంతరించిన' జాతిగా ప్రకటిస్తుంది. లోతు నీళ్లలో తిరిగే చేప విషయంలో ఆ మాట అనడం అంత తేలిక కాదు. జపాన్ కునిమాసు సంగతే చూడండి.

సాల్మన్ కుటుంబానికి చెందిన ఈ నల్లని మంచినీటి చేప అకిటా ప్రాంతంలోని తజావా సరస్సులో మాత్రమే ఉండేది. జపాన్‌లోకెల్లా లోతైన సరస్సు (423 మీటర్లు) ఇదే. 1940లో జలవిద్యుత్తు, సాగు అవసరాల కోసం ఆమ్లగుణమున్న తమగావా నది నీటిని అందులోకి మళ్లించారు. చేపలు చచ్చిపోయాయి. కునిమాసు కథ అంతటితో ముగిసిందనుకున్నారు. అయితే 1935లోనే దాని గుడ్లను వేరే సరస్సులకు పంపారు. 2010లో ఫుజి పర్వతం దగ్గరి సైకో సరస్సులో అది బతికే ఉందని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. విడ్డూరమేమిటంటే, అక్కడివాళ్లు దాన్ని 'నల్ల మాసు' అని పిలుస్తూ ఎప్పటినుంచో పడుతూనే ఉన్నారు!

2013లో జపాన్ తన రెడ్ లిస్టులో (ముప్పులో ఉన్న జాతుల జాబితాలో) దీన్ని 'అంతరించిన' వర్గం నుంచి 'సహజ ఆవాసంలో అంతరించిన' వర్గానికి మార్చింది. తికమకపెట్టేది ఇక్కడే. చేప బతికే ఉన్నా, సైకో దాని సొంత సరస్సు కాదు.