వేసవిలో పెరటి పరిమళాలు

కొత్తిమీర, పుదీన, కరివేపాకు లేనిదే మన ప్రాంతంలో చారు ఘుమఘుమలాడదు, బిర్యానీ బిర్యానీ అనిపించుకొనదు. ఈ పేర్లలో మన రెండు భాషల చుట్టరికం కూడ కలదు. ఉత్తరాది ఉర్దూలో 'హరా ధనియా' అనుదానిని మన దక్కనీ ఇండ్లలో 'కోత్మీర్' అందురు. కరివేపాకు 'కర్యాపాక్' అయినది. ఫారసీ నుండి వచ్చిన పుదీన తెలుగు వంటింట స్థిరపడినది.

అయితే ఏప్రిల్, మే నెలలు వచ్చుసరికి కొత్తిమీర కట్ట చిన్నదై, ధర పెద్దదగును. పెరటిలో పెంచుదమన్న, ఎండలకు నిలువదని అనేకులు విరమించుకొందురు. మేమును మొదటి వేసవిలో మొలకలు వాడుచున్నవని పూటపూటకు నీరు పోసితిమి. మడి బురదయై, మొలకలు మొదలు కుళ్ళినవి. మిగిలినవి జానెడు పెరుగక ముందే పూతపట్టినవి. లోపం మొక్కది కాదు, దాని స్వభావమెరుగని మాదేనని తరువాత గ్రహించితిమి.

కొత్తిమీర చల్లదనాన్ని కోరే పైరు. వేడి హెచ్చినకొలది ఆకు మాని, పూతకు త్వరపడును. దీనిని పూర్తిగా ఆపలేము గాని, కొంత ఆలస్యం చేయగలము. ధనియమని మనమనుకొను గింజ రెండు విత్తనాలు గల కాయ. దానిని నలిపి రెండు బద్దలుగా చేసి, ఒక రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతున విత్తవలెను. ఇంటికి తూర్పు వైపున, ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడు చోటు శ్రేష్ఠం. మొలకలు వచ్చిన పిదప వాటి మధ్య పలుచగా వరిగడ్డి పరచిన తేమ నిలుచును. విత్తనమంతయు ఒకేసారి చల్లక, 10 రోజులకొకసారి కొద్దికొద్దిగా చల్లుకొని, లేతగా ఉండగనే కోసుకొనవలెను.

పుదీనకు విత్తనంతో పని లేదు. బజారు కట్టలోని ముదురు కాడలకు క్రింది ఆకులు తీసి, తడిమట్టిలో గ్రుచ్చిన వేళ్ళూనును. అది ప్రక్క మొక్కల చోటికి పాకును గనుక వేరు కుండీలో, నీడపట్టున పెంచుట మేలు. కరివేపాకు నిమ్మ కుటుంబానికి చెందినది. నాటుకొన్న చెట్టు ఎండకు జంకదు. మొదట నీరు నిలిచినచో దానికి ముప్పు.

త్రాగు నీటికే బిందెలు వరుస కట్టు వీధిలో తోట పెంచుట న్యాయమా అని ఒక విద్యార్థి మమ్ము ప్రశ్నించినాడు. ప్రశ్న సమంజసమే. ఈ మూడింటికి కొత్త నీరు అక్కరలేదు. బియ్యం కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు, వజూ చేసిన నీరు పట్టి ఉంచిన కొన్ని కుండీలకు చాలును. సబ్బు కలిసినది మాత్రం కూడదు. వేలితో మట్టిని తాకి, పైపొర ఆరినదని తెలిసిన పిదపనే, తెల్లవారుజామున పోయవలెను. పారెడు నది ఒడ్డుననైనను వజూలో నీరు దుబారా చేయరాదని మన పెద్దలు బోధింతురు. ఆ బోధను పెరటిలోనూ ఆచరింపవచ్చును.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ సెలవులలో వంటింటి శ్రమనంతయు తల్లుల మీదనే వేయక, ఒక్క కుండీ బాధ్యతనైనను మీరు వహింపుడు. కళాశాల తెరచునాటికి మీ పుదీన చిగురించి ఉండగలదు.