ఫోన్ లాక్కుంటే గాయం చేసుకుంటోంది!

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. అర్ధరాత్రి దాటినా ఫోన్ వదలదు. లాక్కుంటే తలుపేసుకుంటుంది. ఈమధ్య ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కానే వేసుకుంటోంది. చూస్తే చేతిమీద తను చేసుకున్న గాయాలున్నాయి. ఏం చేయాలి?
– ఓ తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, ఇది పొగరూ కాదు, నాటకమూ కాదు. ఈ వయసులో కోపం, దిగులు ఉధృతంగా వస్తాయి. వాటిని అదుపుచేసే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. బాధ చెప్పుకోలేక కొందరు పిల్లలు ఇలా గాయపరచుకుంటారు. ఫోన్ కూడా చాలాసార్లు ఆ బాధను మరిచే దారే. పైగా నిద్ర చాలకపోతే చిరాకు పెరుగుతుంది.

• తిట్టకండి, ఒట్లు వేయించుకోకండి. ‘నీ చేయి చూశానమ్మా. ఏం కష్టమొచ్చింది? కోప్పడను, చెప్పు’ అనండి.
• చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.
• పదునైన వస్తువులు, మందులు, పురుగుమందులు తాళం వేసి ఉంచండి.
• రాత్రి పదికల్లా అందరి ఫోన్లూ, మీవి సహా, హాల్లోనే ఛార్జింగ్‌ పెట్టండి. వేళలు తనతో మాట్లాడే నిర్ణయించండి.
• ఉద్వేగం ముంచుకొస్తే చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోమనండి. కాసేపు తనతో నడవండి.
• ఆన్‌లైన్‌లో ఎవరైనా వేధిస్తున్నారేమో, కాలేజీలో ఇబ్బందేమో మెల్లగా కనుక్కోండి.

గాయాలున్నాయి కాబట్టి ఈ వారంలోనే మానసిక వైద్యులకు చూపించండి. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోతానన్నా, గాయం లోతుగా ఉన్నా ఒంటరిగా వదలకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.