కోయ వచ్చా? పని ఉంది

2006లో ఛత్తీస్‌గఢ్‌లోని ఎర్రబోరు చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాడి కళ్ల ముందు కనిపించిన సర్కారు కొలువు ఒకటే: స్పెషల్ పోలీస్ ఆఫీసర్. మొదట్లో నెలకు 1,500 రూపాయలు, తర్వాత 3,000. ఐదో తరగతి దాకా చదివినవాళ్లకు ప్రాధాన్యం. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, చేతిలో తుపాకీ పెట్టి, సొంత అడవిలోకే ముందు నడవమన్నారు. మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం పేరుతో 2005 జూన్‌లో బీజాపూర్ వైపు మొదలైన ఆ వ్యవహారం 2006 మొదట్లో కుంట ప్రాంతానికి పాకింది. ఊళ్లు ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో పెట్టారు. ఎర్రబోరు అలాంటి శిబిరమే. ఆ ఏడాది జూలై 16, 17 తేదీల మధ్య రాత్రి మావోయిస్టులు దాని మీద పడి తగలబెట్టారు. పిల్లలతో సహా 30 మందికి పైగా చనిపోయారు.

మానవ హక్కులు, శాంతి, వలసజీవుల సాయం అనగానే మన విద్యార్థుల చూపు జెనీవా మీదికో న్యూయార్క్ మీదికో పోతుంది. కానీ భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా సుక్మా వెళ్లే జాతీయ రహదారి పక్కనే ఎర్రబోరు ఉంది. అక్కడి నుంచి పారిపోయి వచ్చిన ఆదివాసీలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, చింతూరు అడవుల్లో ఇరవై ఏళ్లుగా బతుకుతున్నారు. మనం వాళ్లను గుత్తి కోయలంటాం. తెలుగు, కోయ, కాస్త హిందీ వచ్చిన పట్టభద్రుడికి ఇంత దగ్గరలో ఇంత పని ఉందన్న సంగతి ఏ కెరీర్ మేళాలోనూ చెప్పరు.

ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి. ఈ రంగంలో జీతం ఉండే పని వేరు, జీతం ఉండని పని వేరు. ఆరోగ్యం, చదువు, న్యాయ సహాయం, రేషన్, పునరావాసం వంటి సాయం పనులకు జీతాలుంటాయి. నిజనిర్ధారణ, హక్కుల ఉద్యమం, శాంతి చర్చల కోసం ప్రయత్నించడం లాంటివాటికి ఉండవు. అక్కడ సభ్యులే చార్జీలు పెట్టుకుని తిరుగుతారు. పేరున్నవాళ్లను చూడండి. కె. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పారు, తర్వాత న్యాయవాది అయ్యారు. కన్నబిరాన్‌దీ నల్లకోటు వృత్తే. నక్సలైట్లకు, ప్రభుత్వానికి మధ్య మాటలు కలపడానికి 1997లో కొందరు పౌరులు కమిటీగా ఏర్పడితే, దానికి పెద్దదిక్కైన ఎస్.ఆర్. శంకరన్ విశ్రాంత ఐఏఎస్. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయంటే వెనక ఆ ఏడేళ్ల ఓపిక ఉంది. ఆ ఓపికకు ఎవరూ జీతం ఇవ్వలేదు. కాబట్టి 'శాంతి కార్యకర్త' అనే ఉద్యోగం కోసం వెతక్కండి. లాయరో నర్సో టీచరో అనువాదకుడో ముందు అవండి. ఆ కాళ్ల మీద నిలబడి మిగతాది చేయవచ్చు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చూద్దాం. నినాదం, జెండా ఇందులో చాలా తక్కువ. ఎక్కువ భాగం అడగడం, రాసుకోవడం, సరిచూసుకోవడం.

అటవీ హక్కుల చట్టం 2006 నాటిది. ఆ చట్టంలో ప్రాణమంతా ఒక తేదీలో ఉంది: 2005 డిసెంబరు 13. ఆ నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీదే ఆదివాసీ హక్కు కోరగలడు. అక్రమంగా గెంటివేతకు గురైనవారికి పునరావాసం ఇవ్వాలనే క్లాజు కూడా ఉంది, సెక్షన్ 3(1)(ఎం). అదీ ఆ తేదీకి ముందు గెంటివేతకు గురైనవారికే. ఇప్పుడు లెక్క వేయండి. బీజాపూర్ వైపు 2005 దసరాకు ఊరు వదిలినవాడు ఈ క్లాజు కిందికి రావచ్చు. కుంట వైపు 2006లో ఊరు వదిలినవాడు సొంత ఊళ్లో ఆ క్లాజుకూ అందడు, తెలంగాణలో కొట్టుకున్న పోడుకూ అందడు. పునరావాసానికీ, పోడుకూ తలుపు మూసినట్టే. ఒక కుటుంబం ఎప్పుడు బయల్దేరిందన్న ఒక్క ముక్క సరిగ్గా రాయకపోతే వాళ్ల కేసు ఏ దారిన పోవాలో లాయరుకు కూడా తెలియదు.

అయితే ఆ తేదీని క్యాలెండర్ పెట్టి అడిగితే జవాబు రాదు. ఇప్పపూలు రాలేటప్పుడా? తునికాకు కోతకు ముందా, తర్వాతా? కొత్తల పండుగ మీ ఊళ్లో చేసుకుని వచ్చారా, ఇక్కడికొచ్చాక చేసుకున్నారా? కడుపులో ఉన్న బిడ్డ ఎక్కడ పుట్టింది? ఆ బిడ్డ ఇప్పుడు ఏ తరగతి? ఇలా అల్లుకుంటూ పోతే నెల, ఏడాది బయటపడతాయి. తర్వాత అదే ప్రశ్న పక్కింటివాళ్లను విడిగా అడగాలి. తెలుగులో అడిగితే పెద్దమనిషి ఒక్కడే మాట్లాడతాడు, ఆడవాళ్లు వెనక్కి జరుగుతారు. కోయలో అడిగితే గుడిసె మొత్తం మాట్లాడుతుంది. అందుకే భాష ఈ రంగంలో మొదటి అర్హత అంటున్నాను, డిగ్రీ రెండోది. ఇంకో హెచ్చరిక. కుటుంబం మీద జాలితో తేదీని ముందుకు జరిపి రాయకండి. ఒక్క దొంగ తేదీ దొరికితే ఆ ఊరి దరఖాస్తులన్నీ అనుమానంలో పడతాయి.

తేదీ తర్వాత కులధ్రువపత్రం. షెడ్యూల్డ్ తెగల జాబితా రాజ్యాంగం 342వ అధికరణ కింద రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు వలస వచ్చిన రాష్ట్రంలో ఆ ప్రయోజనాలు కోరలేడని మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది వైద్య కళాశాల సీటు మీద వచ్చిన కేసు. దాని నీడ మాత్రం ఇప్పుడు అడవిలో గుడిసె వేసుకున్న కుటుంబం మీద పడుతోంది. బస్తర్‌లో ఎస్టీ, సరిహద్దు దాటితే కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు పదో తరగతి పాసయ్యాక గోడ తగులుతుంది. ఈ చిక్కు మీద మంచి ఎల్ఎల్ఎం పరిశోధన చేయవచ్చు. న్యాయ విద్యార్థులు ఎందుకో మళ్లీ మళ్లీ సైబర్ చట్టాల వైపే పోతుంటారు.

పోడు గొడవ దాచిపెట్టేది కాదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీ అధికారులు గుత్తి కోయల ఇళ్లు కూల్చారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర పోడు తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం పోయింది. తర్వాత గుత్తి కోయలందరినీ వెళ్లగొట్టాలనే మాట లేచింది. హక్కుల పని చేసేవాడు ఆ అధికారి ఇంటికీ వెళ్లగలగాలి, ఆ గూడేనికీ వెళ్లగలగాలి. హత్య చేసినవారి మీద కేసు నడవాలి, గూడెం మొత్తానికి శిక్ష పడకూడదు. ఈ రెండు వాక్యాలూ ఒకే మనిషి ఒకే గొంతుతో చెప్పలేకపోతే ఈ పని అతనికి తగదు.

ఎర్రబోరు శిబిరం పెట్టే పరీక్ష కూడా ఇదే. శిబిరంలో కాలిపోయినవారి పేర్లు రాసుకున్న నోటుబుక్కులోనే జుడుం తగలబెట్టిన ఊళ్ల పేర్లూ రాయాలి. సాయుధ ఉద్యమాల హింసను కూడా ప్రశ్నించాలా వద్దా అన్న వాదం పౌరహక్కుల సంఘంలో పెరిగి, 1998లో మానవ హక్కుల వేదిక వేరుగా పుట్టింది. ఆ వేదిక 2006లో దంతెవాడ యుద్ధం మీద ఇచ్చిన నివేదికను ఈ రంగంలోకి రావాలనుకునేవారు సంపాదించి చదవాలి. అప్పటికి సుక్మా జిల్లా లేదు, ఈ ప్రాంతమంతా దంతెవాడ జిల్లాలోనే ఉండేది. ఆ వేసవిలోనే నందిని సుందర్, రామచంద్ర గుహ, మన విశాఖ ఇ.ఎ.ఎస్. శర్మ ఒక పౌర బృందంతో అక్కడికి వెళ్లి చూశారు. మరుసటి ఏడు ఈ ముగ్గురే సుప్రీంకోర్టుకెక్కారు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు, చదువు అంతంతమాత్రంగా ఉన్న ఆదివాసీ కుర్రాళ్ల చేతికి తుపాకులిచ్చి ముందుకు తోయడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. ఆ ఏడాది మార్చిలో మోర్‌పల్లి, తాడ్‌మెట్ల, తిమాపురం ఊళ్లు తగలబడ్డ ఘటనల మీద సీబీఐ విచారణకూ ఆదేశించింది. పిటిషన్ వేసినవాళ్లలో ఒక తెలుగువాడు, తీర్పు చెప్పినవాళ్లలో ఒక తెలుగువాడు. మధ్యలో ఎర్రటి ఎండల్లో తిరిగి వాంగ్మూలాలు రాసుకున్నవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. మీకు దొరికే ఉద్యోగం బహుశా వాళ్లదే.

చదువుల సంగతి త్వరగా చెప్పేస్తాను, వివరాలు నోటిఫికేషన్లలో దొరుకుతాయి. లా చదవాలంటే డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సుకు, ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సుకు లాసెట్ ఉంది. నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం కావాలంటే క్లాట్ రాయాలి. సోషల్ వర్క్ చదవాలంటే హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కళాశాల ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదివేవారికి ఇగ్నో మానవ హక్కుల సర్టిఫికెట్ కోర్సు ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు ఇస్తుంది. పనికొస్తుంది, కానీ ఢిల్లీ ఆఫీసులో ఫైళ్లు చూసినంత మాత్రాన గూడెంలో మాట్లాడటం రాదు. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ చదివినవాళ్లను ఎవరూ ఈ జాబితాలో చేర్చరు. మలేరియా ఉన్న అడవిలో మాత్రం మొదట అడిగేది వాళ్లనే. డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్ సంస్థ ఈ సరిహద్దుకు రెండు వైపులా ఏళ్ల తరబడి సంచార వైద్యశాలలు నడిపింది. అలాంటి చోట రక్త పరీక్ష చేసే చేయి, కోయలో జ్వరం కథ అడిగే నోరు ఒకే మనిషివైతే వాళ్లకు ఇద్దరి పని ఒకరితో సాగుతుంది.

వలస అంటే యుద్ధం తరిమిన వలస ఒక్కటే కాదు. ఏటా మిరప ఏరడానికి బస్తర్ నుంచి కూలీలు మన చేలకు వస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్‌లోని ఇంటికి కాలినడకన బయల్దేరిన 12 ఏళ్ల పాప ఊరు చేరకముందే చనిపోయింది. ఆ పాప పేరు ఏ రిజిస్టర్లో ఉంది? ఏ మేస్త్రీ తెచ్చాడు, ఎంత బయానా ఇచ్చాడు, రేషన్ ఎక్కడ తీసుకుంటారు, బడి ఎక్కడ? ఈ-శ్రమ్ నమోదు, వేరే రాష్ట్రం కార్డుతో ఇక్కడ రేషన్ తీసుకునే వెసులుబాటు కాగితం మీద ఉన్నాయి. చేను దగ్గరికి వెళ్లి వేలిముద్ర వేయించే మనిషే తక్కువ. ఈ విద్య నేర్చుకోవాలంటే ఉదయపూర్‌లోని ఆజీవికా బ్యూరో పనితీరు చూడండి. వలస కూలీల కోసమే పుట్టిన సంస్థ అది.

డబ్బు మాట కూడా దాచను. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక సంస్థలు పాలనా ఖర్చులకు వాడుకోగల వాటా 50 శాతం నుంచి 20 శాతానికి పడిపోయింది. విదేశీ నిధులు ఒక సంస్థ నుంచి మరో సంస్థకు మళ్లించడం కూడా ఆగిపోయింది. పెద్ద సంస్థ నుంచి నిధి తెచ్చుకుని బతికే చిన్న సంస్థల నడుం విరిగింది. కాబట్టి ఇంటర్వ్యూలో మొహమాటపడకండి. ప్రాజెక్టు ఎన్నాళ్లు, నిధి ఎవరిది, పీఎఫ్ ఉందా, ప్రమాద బీమా ఉందా, బండికి పెట్రోలు ఎవరు పోస్తారు అని అడగండి. 'సేవ' అనే మాట చెప్పి జీతం ఎగ్గొట్టే సంస్థల్లో చేరకండి.

ప్రమాదం కూడా తెలిసి రావాలి. పిల్లల వైద్యుడు బినాయక్ సేన్ 2007 మేలో అరెస్టయ్యారు. హిమాంశు కుమార్ నడిపిన వనవాసీ చేతనా ఆశ్రమాన్ని 2009 మేలో కూల్చేశారు. జగదల్‌పూర్ లీగల్ ఎయిడ్ గ్రూప్ మహిళా న్యాయవాదులు 2016లో ఆ పట్టణం విడిచి వెళ్లాల్సి వచ్చింది. 2024లో మూలవాసీ బచావో మంచ్ అనే ఆదివాసీ సంఘాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నిషేధించింది. అవతలి వైపు ప్రమాదమూ తక్కువది కాదు. 2025 జూన్ 9న కుంట–ఎర్రబోరు దారిలోనే మందుపాతర పేలి సుక్మా అదనపు ఎస్పీ చనిపోయారు. ఆ నవంబరులో సుక్మాకే చెందిన మావోయిస్టు నేత హిడ్మా మారేడుమిల్లి అడవిలో ఎదురుకాల్పుల్లో హతమయ్యాక, యుద్ధం చివరికొచ్చిందన్న మాట బలపడింది. అది నిజమైతే ఊళ్లకు తిరిగి వెళ్లాలనుకునేవారి భూమి ఎవరి కింద ఉందో, ఇక్కడే ఉంటామనేవారి పిల్లలకు ఏ కాగితం ఇవ్వాలో తేల్చే పని ఇప్పుడే మొదలవుతుంది.

కొత్తవాళ్లు నేరుగా ఎర్రబోరు బస్సు ఎక్కవద్దు. భద్రాచలం, కొత్తగూడెం, చింతూరు వైపు నుంచి, అప్పటికే పనిచేస్తున్న సంస్థ చేయి పట్టుకుని మొదలుపెట్టండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్‌గా చేరడం మంచి తొలిమెట్టు. లా డిగ్రీ అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఇస్తారు, శిక్షణ ఇస్తారు. పేదలకు ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు కనుక మీరు గూడేనికి వెళ్తున్నది దానం చేయడానికి కాదు. ఇంట్లో చెప్పి వెళ్లండి, ఎక్కడున్నారో రోజూ ఒకరికి తెలిసేలా చూసుకోండి. ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టకండి. మీతో మాట్లాడినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో, వాళ్లు చెప్పిన సంగతులు ఇంకో పుస్తకంలో రాసి, రెంటినీ కలిపే గుర్తు నంబర్లు మీ దగ్గర ఉంచుకోండి. కోయ రాకపోతే దరఖాస్తు పెట్టకముందే ఒక వేసవి ఏదైనా గూడెంలో ఉండి నేర్చుకోండి. బడిలో చదివే పిల్లలు బాగా నేర్పుతారు, తప్పు మాట్లాడితే నవ్వుతారు కూడా.