నాలుగెకరాల నీళ్ల లెక్క

సుజాతా,

నీ ఉత్తరం, దాంతోపాటు నువ్వు గీసి పంపిన ప్లాను అందాయి. కదిరి దగ్గర నాలుగెకరాల ఎర్రచేను, ఒక మూల ఇల్లు, ఇంకో మూల బోరు, నడుమ మామిడి తోట, ఆవులకు కొట్టం, కోళ్లకు గూడు. ముచ్చటగా ఉంది. మీ పెద్దమ్మ అయితే ఆ కొట్టంలో కట్టబోయే ఆవుకు పేరు కూడా ఖాయం చేసేసింది. నేను మాత్రం ఆ కాగితంలో ఒక సంగతి వెతికాను, కనిపించలేదు. చేను ఎటు వాలుగా ఉంది? వాన పడితే నీళ్లు ఏ పక్క నుంచి వచ్చి ఏ పక్కకు పోతాయి? అది తెలియందే ఇల్లెక్కడో తోటెక్కడో ఎలా గీశావు తల్లీ?

అడ్వాన్సు ఇచ్చావో లేదో రాయలేదు కాబట్టి ముందు కాగితాల ముచ్చట. ఫోనులో 1బి, అడంగల్ భూమి రికార్డులు చూసి సరిపెట్టుకోకు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనీసం 30 ఏళ్ల లావాదేవీలు చూపే ఈసీ తీయించు. సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల్లో ఉందేమో చూడు. డీ-పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమి అని తేలితే, సగం ధరకిస్తామన్నా లేచి వచ్చెయ్. అలాంటి భూమి చేతులు మారకూడదని 1977లోనే చట్టం వచ్చింది. తర్వాత ఏవేవో సడలింపులు చెబుతారు, ఆ తలనొప్పి నీకెందుకు? సర్వేయరు కొలిచే రోజు చుట్టుపక్కల రైతులందర్నీ పిలిచి, వాళ్ల కళ్లముందే హద్దురాళ్లు పాతించు. ఇక దారి. "మా చేలోంచి పొండమ్మా, ఎవరొద్దంటారు" అని పక్కరైతు నోటిమాటగా ఇచ్చిన దారి నువ్వు జేసీబీ తెచ్చిన రోజున మూసుకుపోతుంది. రస్తా పటంలోనైనా ఉండాలి, దస్తావేజులోనైనా రాయించుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. మన పాత అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. కరువు సీమ అని అందరూ జాలిపడేది ఇందుకే. అయినా ఒకసారి లెక్క కట్టు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ లెక్కన నీ నాలుగెకరాల మీద ఏడాదిలో దిగేవి దగ్గర దగ్గర 89 లక్షల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పదిహేడు వందలకు పైనే. అన్ని నీళ్లు నీ గడపలోకొస్తుంటే నువ్వు ప్లానులో మొదట గీసింది బోరు!

చిక్కేమిటంటే అవి మన వీలు చూసుకుని రావు. జూన్, జులై నెలల్లో మబ్బులు కనిపిస్తాయి, గాలి మాత్రం ఈడ్చి కొడుతుంది. ఆగస్టులో మొలక వాడిపోతున్నా చినుకు రాలని ఏళ్లు ఉన్నాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండు మూడు పెద్ద వానలు ఒక్కసారిగా దంచుతాయి. ఎర్రనేల పైన చినుకుల దెబ్బకు అట్టకడుతుంది, నీళ్లు ఇంకవు. పైమట్టిని కూడా ఊడ్చుకుని వంకలో పడతాయి. వంకనీళ్లు ఎర్రగా పోతున్నాయంటే ఎవరి చేనో పోతున్నట్టు. అందుకని ఈ ఏడాది నీకు పెద్ద పని ఒకటే. పెద్దవాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని వెళ్లి చేలో నిలబడు. నీళ్లు ఎక్కడ చేరుతున్నాయి, ఎక్కడ గట్టు తెగుతోంది, ఎక్కడ ఇసక మేట వేస్తోంది చూసి, ఆ చోటల్లా ఒక కట్టె పాతిరా. వాన వెలిశాక వెళితే సగమే కనిపిస్తుంది.

ఆ కట్టెలు పాతాక మట్టం తీయాలి. దీనికి ఇంజినీరు అక్కర్లేదు. మేస్త్రీలు పునాది మట్టం చూసే లెవెల్ పైపు తెచ్చుకో, లోపలి నీళ్లు కనిపించేది, పది పన్నెండు మీటర్లు చాలు. నీళ్లు నింపి బుడగలు లేకుండా చూసుకోవాలి. బుడగ ఉంటే అది చెప్పేదంతా అబద్ధమే. ఒకే ఎత్తు కర్రలు రెండు తీసుకుని రెంటికీ అడుగునుంచి సమానంగా గీతలు గీసి, పైపు రెండు కొసలనూ వాటికి కట్టు. ఒక కర్ర నువ్వు పట్టుకుని ఒకచోట నిలబడు, రెండోది అల్లుడుగారి చేతికిచ్చి పైపు అందినంత దూరం పంపు. ఆయన కర్రను మెల్లగా ఎగువకూ దిగువకూ జరుపుతుంటే, రెండు కర్రల మీదా నీళ్లు ఒకే గీత దగ్గర నిలిచిన చోట ఆగమను. ఆ రెండు చోట్లూ ఒకే మట్టం. అక్కడ సున్నంతో గుర్తు పెట్టి, ఆయన ఉన్నచోటికి నువ్వు వెళ్లి, ఆయన్ను ముందుకు పంపు. చేను ఈ చివర నుంచి ఆ చివరకు పోయేసరికి సున్నపు చుక్కలన్నీ కలిపితే పాములా వంకర తిరిగిన గీత వస్తుంది. మన కంటికి చదునుగా కనిపించిన చేను ఎక్కడ ఎంత వాలిందో ఆ గీత చెబుతుంది.

ఆ గీత వెంబడి అడుగున్నర లోతు, రెండడుగుల వెడల్పు కందకం తవ్వించి మట్టిని దిగువ పక్క గట్టుగా వేయించు. ఎగువ పక్క వేస్తే మొదటి వానకే తిరిగి కందకంలోకి జారుతుంది. గట్టుకు అక్కడక్కడ రాళ్లు పేర్చి, మిగులు నీళ్లు పొర్లిపోయే మరవ పెట్టించు, లేకపోతే పెద్ద వానకు ఎక్కడ తెగుతుందో నీ చేతుల్లో ఉండదు. గట్టు మీద ఆముదాలు, కందులు విత్తు, నడుమ గ్లిరిసిడియా కొమ్మలు నాటు. వేళ్లు గట్టును పట్టుకుంటాయి, రొట్ట ఎరువుకొస్తుంది. చేను దిగువ మూలలో, మిగిలిన నీళ్లు చేరేచోట కుంట తవ్వించుకో. ఎర్రనేలలో కుంట నీళ్లను నిలపదు, అడుగున చెరువు ఒండ్రు పరిచి తొక్కించినా కొంత ఇంకుతూనే ఉంటుంది. ఇంకనీ. నీకు బోరంటూ ఉంటే దానికి చేరేవి ఆ నీళ్లే.

బోరు వద్దనను. కానీ మన కాళ్ల కింద ఉన్నది గట్టి రాయి. పైన మెత్తబడిన రాతిపొరలో కొన్ని నీళ్లు, దాని కింద పగుళ్లలో కొన్ని. బోరు పగులుకు తగిలితే నీళ్లు, తగలకపోతే తెల్లటి దుమ్ము. నీళ్ల జాడ చూస్తానని కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన్ను ఎవరో ఒకరు పిలుచుకొస్తారు. నమ్మకం ఉంటే నడిపించు, కాదన్ను. దానికి ముందు చుట్టూ అరకిలోమీటరులో ఎన్ని బోర్లు వేశారు, ఎంత లోతున నీళ్లు పడ్డాయి, ఎన్ని ఎండాయి అని ఇంటింటికీ తిరిగి అడుగు. రైతు మిగతా అప్పుల సంగతి దాస్తాడేమో గాని బోరు సంగతి దాయడు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకునే వేయించు. ఇంటికి మాత్రం కప్పునీళ్లు పట్టుకో. 500 చదరపు అడుగుల రేకుల కప్పు నుంచి, అటూఇటూ పోయింది పోగా, ఏడాదికి 20 వేల లీటర్లు వస్తాయి. తొలివాన దుమ్ముతో వస్తుంది, దాన్ని వదిలెయ్.

మామిడి మొక్కలు ఈ ఏడాది కొనొద్దు. గుంతలు తవ్వి ఎండకు వదిలి, చెత్తాచెదారం వేసి మగ్గనీ. దానికంటే ముందు పడమటి హద్దున కానుగ, వేప, సీతాఫలం దట్టంగా పెట్టు. ఆషాఢంలో పడమటి గాలి ఎలా ఉంటుందో నీకు బెంగళూరులో తెలియదు. ఊరికే పెట్టలేదు ఈ జిల్లా కొండల మీద అన్ని గాలిమరలు. పైరుకు అడ్డు లేకపోతే తేమ మొత్తం ఆ గాలే తాగేస్తుంది.

పంట సంగతికి వస్తే, మొదటి ఏడు నేల కప్పడానికే విత్తు. వేసవిలోనే, వానకు ముందే, రకరకాల విత్తనాలు కలిపి మట్టి, పేడ, బూడిద పూసి చల్లుతున్నారు ఇప్పుడు ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు. ఉలవ, అలసంద, పెసర, సజ్జ, ఆముదం, ఏవి దొరికితే అవి. చినుకు పడగానే ఏదో ఒకటి లేస్తుంది, నేల నగ్నంగా ఉండదు. ఆ తర్వాత ఒక ఎకరాలో కొర్ర, నడుమ కంది సాళ్లు. కొర్ర మూడు నెలలకు ఇంటికొస్తుంది, కంది మెల్లగా సంక్రాంతి దాకా నిలబడుతుంది. ఒకటి పోయినా ఒకటి మిగులుతుంది. వేరుశనగ ఒక్కటే నమ్ముకుని ఈ జిల్లా పడ్డ పాట్లు నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా నాలుగు సాళ్లు వేసుకుంటానంటే కదిరి వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లు. కదిరి-6, కదిరి లేపాక్షి రకాలు పుట్టింది అక్కడే. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్లు 1990 నుంచి బీడునేలను, కొండలను ఎలా పచ్చబరిచారో కూడా చూసిరా. వాళ్లు తొలుత చేసిన పనుల్లో మంట పెట్టనివ్వకపోవడం, నేలను దాని మానాన కోలుకోనివ్వడం ఉన్నాయి. డబ్బు పెట్టి కొనేదేమీ లేదు అందులో.

ఆవు మాట. నాటు ఆవు పాతిక శేర్ల పాలిస్తుందని ఎవరూ చెప్పరు కదా, పేడకోసం, మురిపెం కోసం తెచ్చుకుంటావు. తెచ్చుకో. కానీ 250 కిలోల ఆవుకు రోజుకు ఎండుమేత లెక్కన ఆరేడు కిలోలు కావాలి, ఏడాదికి రెండు టన్నుల పైచిలుకు. నీ చేలో కసవు పెరిగి వామి వేసిన ఏడాదే ఆవు రావాలి. గడ్డి కొని మేపే ఆవు నీ జీతాన్ని మేస్తుంది. పెద్దమ్మకు ఈ ముక్క చదివి వినిపించకు.

ఇల్లు ఎత్తున ఉండాలి, వంకకు దూరంగా. మొదట ఒక గది, వంటకొక చిన్న సావిడి చాలు. రేకులను గాలి ఎత్తుకుపోకుండా కొక్కేలు బిగించి, పైన బరువు పెట్టించు. మరుగుదొడ్డి గుంతలు బోరుకు కనీసం పది మీటర్ల దూరంలో. రాత్రిపూట నేల మీద పడుకోవద్దు. కట్లపాము ఎక్కువగా నిద్రపోతున్న వాళ్లనే కరుస్తుంది, నొప్పి కూడా సరిగా తెలియదు. మంచం, దాని మీద పరుపు కిందికి దోపిన దోమతెర, చేతిలో టార్చి. ఏ ఆసుపత్రిలో పాముకాటు మందు ఉందో చేనులో కాలు పెట్టకముందే కనుక్కో. కాటు పడితే కోయడాలు, గట్టిగా కట్టడాలు, మంత్రాలు ఏవీ వద్దు. వెంటనే 108కి ఫోను చెయ్.

అడవి పందులు వస్తాయి. కంచెకు కరెంటు తగిలించమని సలహా ఇచ్చేవాళ్లూ వస్తారు. వినకు, దాంతో మనుషులూ చస్తారు. రాతి కూసాలు, ముళ్లతీగ, లోపలివైపు కిత్తలి, గచ్చపొద వరస. అయితే కంచె వేసేముందు ఒక పని ఉంది. ఆ చేలోంచి ఎవరెవరు నడుస్తున్నారు, ఎవరి గొర్రెలు కోతలయ్యాక అక్కడ మేస్తున్నాయి అడుగు. గొర్రెలకాపరిని శత్రువును చేసుకోకు. ఆయన్ను పిలిచి, నాలుగు రాత్రులు మంద పెట్టించి, ఇవ్వాల్సింది ఇస్తే ఏ బస్తా ఎరువూ చేయలేని మేలు నేలకు జరుగుతుంది. కూలికి వచ్చే ఆడవాళ్లను ఏ విత్తనం ఎప్పుడు వేస్తారో అడుగు. కార్తెలు వాళ్లకు నోటికి వచ్చు.

ఉద్యోగం మానేయమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. మూడేళ్ల తిండికి, పిల్లల చదువుకు సరిపడా డబ్బు బ్యాంకులో పెట్టి, దాన్ని చేనుకు సంబంధం లేనిదిగా పక్కన ఉంచేదాకా ఇద్దరిలో ఒకరి జీతం రావాల్సిందే. ఎవరిదో మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి, దాంట్లో నేను వేలు పెట్టను.

మట్టం తీయడం నేర్పిస్తాను, రోహిణి కార్తెకు ముందే ఒక ఆదివారం రండి. పైపు, సున్నం మీరు తెండి, కర్రలు నా దగ్గరున్నాయి.

మీ పెదనాన్న